ఖాళీల్లోంచి పుట్టిన హాబిట్

‘హాబిట్’ సినిమాలు చూసిన పిల్లలకు అందులోని 13 మంది మరుగుజ్జుల పేర్లు మనకంటే బాగా తెలుసు. థోరిన్, ద్వాలిన్, ఫిలి, కిలి, డోరి, నోరి, ఓరి, బిఫుర్, బొంబుర్... పిల్లల్ని నవ్వించడానికి రచయిత ప్రాస కుదిర్చి అల్లిన పేర్లలా ఉంటాయి. అల్లినవి కావు. కాస్త అటూ ఇటూగా ఈ పేర్లలో చాలావరకు సుమారు 1270లో ఐస్‌లాండ్‌లో తోలు ఆకుల మీద రాసిన ఒక పుస్తకంలో ఉన్నాయి.

ఆ పుస్తకం చేతికి ఇమిడేంత చిన్నది. నార్స్ దేవతల, వీరుల గాథల్లో చాలావాటికి అదే ప్రధాన ఆధారం. ‘పొయెటిక్ ఎడ్డా’ అని మనం పిలిచే కవితల సంపుటి అది. 1643లో స్కాల్‌హోల్ట్ బిషప్ బ్రిన్యోల్‌ఫుర్ స్వెయిన్సన్ చేతికొచ్చింది. ఆయన 1662లో దాన్ని డెన్మార్క్ రాజు మూడో ఫ్రెడరిక్‌కు పంపాడు. అందుకే దానికి ‘రాజుగారి పుస్తకం’ అన్న పేరు నిలిచింది. మూడు వందల ఏళ్లు కోపెన్‌హాగెన్‌లో ఉండి, 1971 ఏప్రిల్ 21న డెన్మార్క్ నౌకాదళ ఓడలో ఇల్లు చేరింది. పుస్తకానికి స్వాగతం చెప్పడానికి రెయిక్యవిక్ రేవులో జనం కిక్కిరిసిపోయారు.

అందులో మొదటి కవిత ‘వోలుస్పా’. ఒక సోదెకత్తె ఓడిన్ దేవుడికి సృష్టి మొదలు ప్రళయం దాకా చెప్పుకొస్తుంది. కథ జోరుగా సాగుతుండగా హఠాత్తుగా మరుగుజ్జుల పేర్ల చిట్టా మొదలవుతుంది. పద్యాల నిండా పేర్లే. వాళ్లెవరో, ఏం చేశారో దాదాపు ఏమీ ఉండదు. తర్వాతెవరో తెచ్చి అతికించారని పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం. చదివేవాళ్లు మామూలుగా దాటేసే చోటు అది. ‘హాబిట్’ రాసిన జె.ఆర్.ఆర్. టోల్కీన్ అక్కడే ఆగాడు.

ఎడ్డాలో థోరిన్ ఒకడు, ‘ఓక్ చెట్టు డాలు’ అనే అర్థమున్న పేరుగలవాడు ఇంకొకడు. టోల్కీన్ రెండోవాడి పేరు తీసి మొదటివాడికి బిరుదుగా తగిలించాడు. అసలు ఆ బిరుదు ఎలా వచ్చిందో చెప్పడానికి ఒక యుద్ధాన్నీ, అందులో విరిగిన డాలునూ తర్వాత కల్పించాడు. ఆ చిట్టాలోనే గాండాల్ఫ్ కూడా ఉన్నాడు. ఆ పేరులో ‘ఆల్ఫ్’ అంటే ఎల్ఫ్, వేరే జాతి. మరుగుజ్జుల వరసలో వాడికేం పని? తొలి చిత్తుప్రతుల్లో గాండాల్ఫ్ మరుగుజ్జుల నాయకుడే, మాంత్రికుడి పేరు బ్లాడోర్థిన్. తర్వాత గాండాల్ఫ్ పేరు మాంత్రికుడికి మారింది. మరుగుజ్జుల మధ్య తిరిగే పరాయివాడికి చిట్టాలోని పరాయి పేరు అతికినట్టు సరిపోయింది.

టోల్కీన్ పురాణాల నుంచి ఏరుకొచ్చాడని అందరూ అంటారు. ఏరుకున్నది కథల్ని కాదు, కథ ఆగిపోయిన చోట్లని అని నాకనిపిస్తుంది. ఆయన వృత్తే అది. 1925 నుంచి ఆక్స్‌ఫర్డ్‌లో ఆంగ్లో-సాక్సన్ ప్రొఫెసర్. చెరిగిన అక్షరం దగ్గర కూర్చుని, ఇక్కడ ఏమై ఉంటుందని తలపట్టుకోవడమే ఉద్యోగం. ఐస్‌లాండ్ గాథలు కలిసి చదవడానికి అక్కడే ఒక క్లబ్బు కూడా పెట్టాడు. ‘నార్నియా’ రాసిన సి.ఎస్. లూయిస్ అందులో సభ్యుడు. ‘హాబిట్’ 1937 సెప్టెంబర్ 21న వచ్చింది. రాతప్రతి చదివి బాగుందని చెప్పింది ప్రచురణకర్త పదేళ్ల కొడుకు రేనర్ అన్విన్. కూలీ ఒక షిల్లింగ్.

గొల్లమ్‌తో ‘హాబిట్’ కథానాయకుడు బిల్బో ఆడిన పొడుపుకథల పందెం గుర్తుందిగా? చివర్లో బిల్బో, ‘నా జేబులో ఏముంది’ అని అడిగేస్తాడు. అది పొడుపుకథే కాదు, తొండి. కానీ ఆ తొండికి గొప్ప వంశమే ఉంది. ఒక పాత ఐస్‌లాండ్ గాథలో ఓడిన్ మారువేషంలో హైద్రెక్ రాజును పొడుపుకథలు అడుగుతాడు. రాజు అన్నీ విప్పేస్తుంటే చివరికి, బాల్డర్‌ను చితి మీద పెట్టేముందు ఓడిన్ ఆ కొడుకు చెవిలో ఏం చెప్పాడని అడుగుతాడు. అడిగినవాడికి తప్ప ఇంకెవరికీ తెలిసే వీలులేదు. మన యక్షప్రశ్నల్లో మారువేషంలో ఉన్నది ధర్మదేవత కాబట్టి ధర్మరాజు బతికిపోయాడు. ఓడిన్‌కు అలాంటి పట్టింపుల్లేవు.

డ్రాగన్ సంగతికొస్తే, టోల్కీన్ చిన్నప్పుడే ఆండ్రూ లాంగ్ 1890లో వేసిన పిల్లల కథల పుస్తకంలో సిగుర్డ్, ఫాఫ్నిర్‌ల కథ చదివి మోహపడ్డాడు. ఎడ్డాలో సిగుర్డ్ గోతిలో పొంచి ఉండి ఫాఫ్నిర్‌ను కింది నుంచి పొడుస్తాడు. నీ పేరేమిటని అడుగుతుంది చచ్చిపోతున్న డ్రాగన్. చచ్చేవాడు పేరుపెట్టి శపిస్తే తగులుతుందని నమ్మకం. అందుకే సిగుర్డ్ డొంకతిరుగుడుగా జవాబిస్తాడు. ‘హాబిట్’లోని డ్రాగన్ స్మౌగ్ ముందు బిల్బో తన పేరు చెప్పకుండా బిరుదులు వల్లించడం అందుకే. స్మౌగ్‌కూ దెబ్బ తగిలేది పొట్టవైపే. డ్రాగన్ నెత్తురు నాలుకకు తగిలాక సిగుర్డ్‌కు పిట్టల మాటలు అర్థమవుతాయి. ‘హాబిట్’లో ఆ మర్మస్థానం ఎక్కడుందో విలుకాడు బార్డ్‌కు చెప్పేదీ ఒక పిట్టే.

కానీ బిల్బోని దొంగను చేసింది సిగుర్డ్ కాదు. పాత ఇంగ్లీషు కావ్యం ‘బేవుల్ఫ్’లో ఎవడో ఒకడు డ్రాగన్ నిధిలోంచి ఒక పాత్ర ఎత్తుకుపోతాడు. యజమాని దెబ్బలకు పారిపోయినవాడు, దాన్నిచ్చి యజమానిని చల్లబరుస్తాడు. డ్రాగన్ లేచి ఊళ్లు తగలబెడుతుంది. ముసలి రాజు బేవుల్ఫ్ దాన్ని చంపి తానూ చస్తాడు. ఇంతటి అనర్థానికి కారకుడైన దొంగకు పేరు లేదు. ఆ కావ్యానికి మిగిలింది ఒకే రాతప్రతి. 1731లో లండన్‌లో అగ్నిప్రమాదంలో దాని అంచులు కాలాయి. దొంగ ప్రవేశించే ఆకు అయితే మరీ చెరిగిపోయింది. వాడు బానిసా కాదా అన్నది తేల్చే మాటలో మొదటి అక్షరం తప్ప స్పష్టంగా కనబడదు. కవి ఒక లెక్క మాత్రం చెప్పాడు: డ్రాగన్ గుహకు దారి చూపిస్తూ ఇష్టం లేకుండానే నడిచిన ఆ దొంగ, గుంపులో పదమూడోవాడు. 13 మంది మంచి శకునం కాదని మరుగుజ్జులు దొంగతనానికి కుదుర్చుకున్న బిల్బో పద్నాలుగోవాడు. వాడూ ఒక పాత్రే ఎత్తుకొస్తాడు.

1938లో ఒక పాఠకుడు ‘అబ్జర్వర్’ పత్రికలో ఈ సంగతే అడిగాడు. ‘బేవుల్ఫ్’ తనకు విలువైన ఆధారమేనని, కానీ రాస్తున్నప్పుడు ఆ దొంగతనం మనసులో లేదని, కథ తనంతట తాను అలా నడిచిందని టోల్కీన్ జవాబిచ్చాడు. ఆ ఆకుతో ఏళ్ల తరబడి కుస్తీపట్టిన మనిషి ఇలా అంటే నమ్మాలా? నేను నమ్ముతాను. అంతగా ఒంటబట్టినదాన్ని మళ్లీ తలుచుకోనక్కర్లేదు.

రాజుగారి పుస్తకంలోనూ మధ్యలో ఎనిమిది ఆకులు పోయాయి. పోయింది సరిగ్గా సిగుర్డ్ కథలోనే. చెదిరిన ఆ గాథలను ఒక్క వరసకు తెస్తూ టోల్కీన్ పాత ఛందస్సులో తన సొంత కావ్యం రాసి పక్కన పెట్టాడు. ఆయన 1973లో పోయాడు. కొడుకు క్రిస్టఫర్ దాన్ని 2009లో అచ్చువేయించాడు. పిల్లలకు అది కొరుకుడుపడదు. ‘హాబిట్’ చదివి పెద్దవాళ్లయినవాళ్లు మాత్రం ఓపిక చేసుకుని ప్రయత్నించవచ్చు.