జిన్నా దగ్గు, మన పెద్దల దగ్గు

మహమ్మద్ అలీ జిన్నా క్షయ వ్యాధిని ఉపఖండం ఒక రాజకీయ రహస్యంగా మాత్రమే చదువుకుంది. 1975లో వెలువడిన ‘ఫ్రీడమ్ ఎట్ మిడ్‌నైట్’ ఆ కథను ప్రపంచానికి చెప్పింది. బొంబాయి వైద్యుడు జాల్ పటేల్ 1946లో తీసిన ఎక్స్‌రేలో జిన్నా ఊపిరితిత్తుల దుస్థితి బయటపడిందనీ, ఆ సంగతి బ్రిటిష్ వారికి గానీ కాంగ్రెస్‌కు గానీ పొక్కలేదనీ ఆ గ్రంథం చెబుతుంది. తనకు ముందే తెలిసి ఉంటే విభజనను వాయిదా వేసి ఉండేవాడినని మౌంట్‌బాటన్ దాని రచయితలతో అన్నారు. అప్పటి నుంచీ మన చర్చ ఆ ఒక్క ‘తెలిసి ఉంటే’ చుట్టూనే తిరుగుతోంది.

ఈ ప్రశ్నకు అర్హతకు మించిన గౌరవం దక్కిందని నా అభిప్రాయం. 1946 ఆగస్టు 16 నాటి ప్రత్యక్ష చర్య, ఆ తర్వాత రాజుకున్న బెంగాల్, పంజాబ్, అధికార బదిలీకి గడువు విధించిన అట్లీ ప్రకటన ఒక మనిషి ఎక్స్‌రేపై ఆధారపడినవి కావు. మరో ప్రశ్న ఉంది. ఉత్తమ వైద్యులు అందుబాటులో ఉన్న సంపన్న న్యాయవాది విషయంలోనే ఈ జబ్బు అంతకాలం వేరే పేర్లతో ఎలా చెలామణి అయింది?

దాచిపెట్టడం ఒక్కటే దీనికి జవాబు కాదు. ఆ దగ్గును సిగరెట్ల ఖాతాలో వేశారు. బ్రాంకైటిస్ అన్నారు. చిక్కిపోవడానికి పనిభారం కారణమన్నారు. డెబ్బయ్యేళ్ల మనిషికి ఇవన్నీ నమ్మదగ్గ వివరణలే. 1948 జులై 1న కరాచీలో స్టేట్ బ్యాంక్ ప్రారంభోత్సవంలో మాట్లాడిన ఆయన ఆ నెలాఖరుకు జియారత్ కొండల్లో మంచం పట్టారు. లాహోర్ నుంచి వచ్చిన కర్నల్ ఇలాహీ బక్ష్‌కు సైతం తన బాధ కడుపుదేనని, మిగిలింది అలసటేనని జిన్నా చెప్పుకున్నారు. తెమడ పరీక్ష చేయించాకే అసలు పేరు తేలింది. అప్పటికి మిగిలింది ఏడు వారాలు. సెప్టెంబరు 11న క్వెట్టా నుంచి విమానంలో కరాచీకి తెచ్చారు. మౌరీపూర్ నుంచి వస్తున్న అంబులెన్సు దారిలో మొరాయించింది. ఆ రాత్రే ఆయన కన్నుమూశారు. స్ట్రెప్టోమైసిన్ క్షయపై పనిచేస్తుందని నిరూపించిన బ్రిటిష్ ప్రయోగ ఫలితాలు అచ్చయింది అక్టోబరు 30న.

వృద్ధుల్లో క్షయ తరచుగా ఇలాగే వస్తుంది. యవ్వనంలో ఒంట్లో చేరిన క్రిమి దశాబ్దాల పాటు నిద్రాణంగా ఉండి, వయసు, మధుమేహం, పోషకాహార లోపం రోగనిరోధక శక్తిని తగ్గించినప్పుడు మేల్కొంటుంది. సినిమాల్లో చూపే నెత్తురు వాంతి చాలాసార్లు ఉండదు. జ్వరం కూడా పెద్దగా తెలియదు. ఆకలి మందగించడం, బరువు తగ్గడం, నీరసం ఉంటాయి. ఇంట్లోవాళ్లు దాన్ని ‘వయసు మీద పడింది’ అంటారు.

ఆ 1948 ఆగస్టులోనే, జిన్నా క్వెట్టాలో ఉండగా, సరిహద్దుకు ఇవతల మన మదనపల్లెలో, ఢిల్లీలో బీసీజీ టీకా మొదలైంది. మదనపల్లె పక్కనున్న ఆరోగ్యవరం శానిటోరియం 1915 నుంచే క్షయ రోగులను చూస్తోంది. అయితే దేశంలోని రోగులందరికీ మంచాలు ఎక్కడివి? 1956లో మద్రాసులో ఆరంభమైన అధ్యయనం దీనికి దారి చూపింది. పేదవాడలోని ఇరుకు ఇంట్లో ఉండి మందులు మింగినవారికీ, శానిటోరియంలో విశ్రాంతితో, మంచి తిండితో అవే మందులు వాడినవారికీ ఫలితంలో పెద్ద తేడా లేదని 1959లో తేలింది. ప్రపంచ క్షయ చికిత్సనే మార్చిన అధ్యయనమిది. మన పాఠ్యపుస్తకాల్లో దీనికి ఒక పేరా అయినా ఎందుకు దక్కలేదో!

అదే దశకంలో, 1955-58 మధ్య, భారత వైద్య పరిశోధన మండలి జాతీయ సర్వే జరిపింది. క్షయ పట్టణ రోగమన్న నమ్మకం దానితో కూలింది. పల్లెల్లోనూ అంతే ఉంది. దానితో పాటు వయసు పెరిగే కొద్దీ, ముఖ్యంగా పురుషుల్లో, వ్యాధి ఎక్కువవుతోందనీ కనిపించింది. 1962లో జాతీయ కార్యక్రమం వచ్చింది. పల్లెల గురించిన పాఠాన్ని విధానకర్తలు గ్రహించారు. వయసు గురించిన పాఠం మాత్రం వెనకబడింది. క్షయ వల్ల దేశానికి కలిగే నష్టాన్ని ఏళ్ల తరబడి పోయిన పనిదినాల్లో, ఆగిన సంపాదనలో లెక్కగట్టాం. ఆ లెక్కలో సంపాదన ఆగిపోయిన ముసలివాడికి చోటెక్కడ?

ఇవాళ డెబ్బై అయిదు దాటినవారు ఆ సర్వే నాటి పిల్లలు. ఇంటింటా దగ్గు వినిపించిన కాలంలో, సరైన మందులు ఊళ్లకు చేరకముందే పెరిగినవారు. నాటి క్రిమి వారిలో కొందరి ఊపిరితిత్తుల్లో ఇంకా ఉంది. 2019-21 జాతీయ సర్వేలో పదిహేనేళ్లు దాటినవారిలో లక్షకు 316 మందికి ఊపిరితిత్తుల క్షయ ఉన్నట్టు తేలగా, యాభై అయిదు దాటినవారిలో ఆ సంఖ్య 588. దాదాపు రెట్టింపు. ఇప్పుడు అరవై దాటినవారిని ప్రత్యేకంగా వెతికి పరీక్షించే కార్యక్రమాలు నడుస్తున్నాయి. వాటిని స్వాగతించాల్సిందే, ఆలస్యమైనా. అయితే అదే సర్వే మరొక మాట చెప్పింది. లక్షణాలున్నవారిలో సుమారు 64 శాతం మంది ఏ వైద్యుడి గడపా తొక్కలేదు. ప్రధాన కారణం ఖర్చు కాదు, దూరమూ కాదు. ఆ లక్షణాలను పట్టించుకోకపోవడం.