మర్రినీడల దారిలో.. ఆర్టీసీ బస్సుపై ఒకరోజు విహారం

* మెహిదీపట్నం నుంచి చిల్కూరు, మొయినాబాద్‌, చేవెళ్ల
* తిరుగు బస్సు చూసుకుని బయలుదేరడమే మేలు
* విస్తరణతో మారనున్న రహదారి రూపురేఖలు

చేవెళ్ల, మొయినాబాద్‌: సొంత వాహనం లేదన్న కారణంతో సెలవు రోజున ఇంటికే పరిమితం కానవసరం లేదు. హైదరాబాద్‌ నుంచి బీజాపూర్‌ వైపు వెళ్లే రహదారిపై ఆర్టీసీ బస్సు ఎక్కితే చాలు. జలాశయం, అడవి, ఆలయం, మర్రిచెట్ల వరుసలు, కూరగాయల తోటలు ఒకే దారిలో ఎదురవుతాయి. ఉదయం బయలుదేరి దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరవచ్చు. అయితే ఇది విహారయాత్రల కోసం వేసిన దారి కాదు. లారీలు, టిప్పర్లు, బస్సులతో నిత్యం రద్దీగా ఉండే ఇరుకు రహదారి. ఎక్కడ దిగాలి, ఏ వేళకు తిరుగు బస్సు పట్టుకోవాలి అన్నవి ముందే నిర్ణయించుకుని కదిలినవారికే ఈ ప్రయాణం హాయిగా సాగుతుంది.

రెండు నదుల నడుమ..

మెహిదీపట్నం దాటాక బస్సు లంగర్‌హౌస్‌ మీదుగా వెళుతుంది. అక్కడి బాపూఘాట్‌ వద్దే మూసీ, ఈసీ నదులు కలుస్తాయి. 1948లో మహాత్మాగాంధీ చితాభస్మాన్ని ఈ సంగమంలో కలిపారు. అక్కడి నుంచి పోలీసు అకాడమీ కూడలి, అజీజ్‌నగర్‌ మీదుగా మొయినాబాద్‌ వరకు సాగే దారికి ఒకవైపు మూసీ పరీవాహకం, మరోవైపు ఈసీ పరీవాహకం ఉన్నాయి. మూసీపై ఉస్మాన్‌సాగర్‌ను, ఈసీపై హిమాయత్‌సాగర్‌ను నిర్మించారు.

ఈ రెండు జలాశయాల పుట్టుకకు కారణం ఒక విపత్తు. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదలో హైదరాబాద్‌ నగరం అతలాకుతలమైంది. వేలమంది ప్రాణాలు కోల్పోయారు. అనంతరం మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు నగరానికి ఎగువన జలాశయాల నిర్మాణం చేపట్టారు. 1920లో ఉస్మాన్‌సాగర్‌, 1927లో హిమాయత్‌సాగర్‌ పూర్తయ్యాయి. మొదటిదానికి ఏడో నిజాం మీర్‌ ఉస్మాన్‌ అలీఖాన్‌ పేరు, రెండోదానికి ఆయన కుమారుడు హిమాయత్‌ అలీఖాన్‌ పేరు పెట్టారు. ఉస్మాన్‌సాగర్‌ను ప్రజలు గండిపేట చెరువుగానే పిలుస్తారు. వరదను ఆపడానికి కట్టిన ఈ జలాశయాలు దశాబ్దాలపాటు నగరవాసుల దాహార్తిని తీర్చాయి.

జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో నిర్మాణాలపై ఆంక్షలు విధిస్తూ ప్రభుత్వం 1996 మార్చిలో 111 జీవో జారీ చేసింది. మొయినాబాద్‌ మండలంలోని గ్రామాలు ఎక్కువగా ఈ పరిధిలోకి వచ్చాయి. నగరానికి ఇంత చేరువలో పొలాలు, తోటలు ఇన్నేళ్లు మిగిలి ఉండటానికి ఆ జీవోయే ప్రధాన కారణం. భూముల ధరలు పెరగక నష్టపోయామన్నది రైతుల్లో పలువురి ఆవేదన. ఆంక్షలను తొలగిస్తూ 2022 ఏప్రిల్‌లో 69 జీవో వెలువడింది. జీవోను పూర్తిగా రద్దు చేయాలని 2023 మేలో నాటి మంత్రివర్గం తీర్మానించింది. కనుక నేడు బస్సు కిటికీలోంచి కనిపించే పచ్చదనం పదేళ్ల తర్వాత ఇలాగే ఉంటుందన్న భరోసా లేదు.

చిల్కూరు.. మృగవని

మొయినాబాద్‌ మండలంలోని చిల్కూరు బాలాజీ ఆలయం ఉస్మాన్‌సాగర్‌ తీరాన ఉంది. ఈ ఆలయంలో హుండీ లేదు. ప్రముఖులకు ప్రత్యేక దర్శనాలూ లేవు. అందరూ ఒకే వరుసలో నిలబడాలి. కోరిక చెప్పుకొని 11 ప్రదక్షిణలు చేయడం, అది నెరవేరాక వచ్చి 108 ప్రదక్షిణలు చేయడం ఇక్కడి ఆనవాయితీ. విదేశాలకు వెళ్లదలచిన యువత ఎక్కువగా రావడంతో వీసా బాలాజీ అన్న పేరు స్థిరపడింది. శుక్ర, శని, ఆదివారాల్లో రద్దీ అధికం. ప్రశాంతంగా దర్శనం చేసుకోవాలనుకునేవారు మిగతా రోజుల్లో, అదీ ఉదయం వేళ రావడం మంచిది.

చిల్కూరు పరిధిలోనే మృగవని జాతీయ ఉద్యానవనం ఉంది. విస్తీర్ణం సుమారు మూడున్నర చదరపు కిలోమీటర్లు. దుప్పులు, కణుజులు, అడవి పందులు, నెమళ్లు, పలు రకాల పాములు ఇక్కడి జీవసంపద. లోపల కాలిబాటలతో పాటు పరిసరాలను చూసేందుకు మంచె కూడా ఉంది. జంతువులను బోనుల్లో చూపే జంతు ప్రదర్శనశాల కాదిది. అవి కనిపించడం, కనిపించకపోవడం వేళను బట్టి ఉంటుంది. ఎండ ముదరకముందే వెళ్లి, మాటల సందడి తగ్గించి నడిచేవారికి దుప్పులు కనిపించే అవకాశం ఎక్కువ. ఆలయానికీ ఉద్యానవనానికీ నడుమ రాకపోకలకు ఆటోలు ఉపయోగపడతాయి.

గండిపేట నీటి అందాలే ముఖ్యమనుకునేవారు ఆ జలాశయం కట్టవైపు వేరుగా వెళ్లాలి. అక్కడ 2022లో హెచ్‌ఎండీఏ ఏర్పాటు చేసిన ఉద్యానం ఉంది. చేవెళ్ల ప్రయాణంతో కలిపి ఒకే రోజున దీనినీ చూడాలనుకుంటే సమయం చాలదు. గండిపేటకు మరో రోజు కేటాయించుకోవడం సబబు.

వందల మర్రిచెట్లు

మొయినాబాద్‌ దాటాక దారికి అసలైన అందం మొదలవుతుంది. రహదారికి ఇరువైపులా ఊడలు దిగిన మర్రిచెట్లు కొమ్మలు చాచి పందిరిలా కమ్ముకుని ఉంటాయి. నిజాం కాలంలో బాటసారుల నీడ కోసం నాటించినవిగా వీటిని చెబుతారు. పోలీసు అకాడమీ కూడలి నుంచి మన్నెగూడ వరకు 46 కిలోమీటర్ల పొడవున సుమారు 900 మర్రిచెట్లు ఉన్నట్లు లెక్క తేలింది. ఎండాకాలంలో చెట్ల కిందికి రాగానే బస్సులో వేడి తగ్గినట్లు ప్రయాణికులకు స్పష్టంగా తెలుస్తుంది. మర్రిపండ్లు కాసే రోజుల్లో పక్షుల సందడి చూడదగినది.

ఈ దారి జాతీయ రహదారి 163లో భాగం. దీనిని నాలుగు వరుసలుగా విస్తరించాలన్న ప్రతిపాదన రాగానే చెట్ల ప్రశ్న ముందుకొచ్చింది. పర్యావరణ ప్రేమికులు 2021లో జాతీయ హరిత ట్రైబ్యునల్‌ను ఆశ్రయించారు. కేసు ఏళ్ల తరబడి సాగింది. ఎక్కువ చెట్లను ఉన్నచోటే కాపాడాలని, తొలగించక తప్పనివాటిని వేళ్లతో సహా తీసి వేరేచోట నాటాలని చివరకు నిర్ణయమైంది. 2025 చివరలో విస్తరణకు దారి సుగమమైంది.

మరోపక్క రహదారి ఇరుకుదనం ప్రాణాలు తీస్తోంది. 2024 డిసెంబరులో ఆలూరు గేటు వద్ద రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకునేవారిపైకి లారీ దూసుకెళ్లింది. 2025 నవంబరు 3న మీర్జాగూడ వద్ద కంకర టిప్పర్‌, తాండూరు నుంచి హైదరాబాద్‌ వస్తున్న ఆర్టీసీ బస్సు ఢీకొన్న ఘటనలో 19 మంది మృత్యువాత పడ్డారు. వారిలో నగరంలో చదువుకునే విద్యార్థులూ ఉన్నారు. చెట్లు ఉండాలన్న కోరిక, రహదారి సురక్షితం కావాలన్న కోరిక.. రెండూ ఇక్కడి ప్రజలవే. ఈ దారిన విహారానికి వచ్చేవారు రెండింటినీ దృష్టిలో ఉంచుకోవాలి.

చేవెళ్ల విశేషాలు

చేవెళ్ల నగరానికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఇక్కడ పెద్ద కట్టడాలేవీ లేవు. ఊరి ప్రత్యేకత సాగులోనే ఉంది. చేవెళ్ల, మొయినాబాద్‌, శంకర్‌పల్లి, షాబాద్‌ మండలాల నుంచి హైదరాబాద్‌ మార్కెట్లకు కూరగాయలు, ఆకుకూరలు, పూలు తరలి వెళతాయి. క్యారెట్‌ సాగుకు చేవెళ్ల పెట్టింది పేరు. పాలీహౌస్‌లలో గులాబీ, జెర్బెరా వంటి పూలనూ పండిస్తున్నారు. ఇక్కడి పూలకు గుడిమల్కాపూర్‌ పూల మార్కెట్‌ చేరువలోనే ఉంది. రైతులు నేరుగా అమ్మే తాజా కూరగాయలు తిరుగు ప్రయాణంలో సంచి నింపుకోవడానికి అనువైనవి.

రాజకీయ చరిత్రలోనూ ఈ ప్రాంతానికి చోటుంది. 1978లో ఏర్పడిన జిల్లాకు పేరునిచ్చిన కొండా వెంకట రంగారెడ్డి స్వగ్రామం మొయినాబాద్‌ మండలంలోని పెద్దమంగళారం. 2003 ఏప్రిల్‌ 9న వైఎస్‌ రాజశేఖరరెడ్డి పాదయాత్రకు శ్రీకారం చుట్టింది చేవెళ్ల నుంచే. పునర్విభజన అనంతరం 2009 ఎన్నికల నుంచి చేవెళ్ల లోక్‌సభ నియోజకవర్గ కేంద్రమైంది.

ఎలా వెళ్లాలి?

చిల్కూరు ఆలయానికి మెహిదీపట్నం నుంచి 288డి నంబరు సిటీ బస్సు ఉంది. మొయినాబాద్‌, చేవెళ్లకు వెళ్లేవారు పరిగి, తాండూరు, చేవెళ్ల మీదుగా వికారాబాద్‌ వెళ్లే బస్సులు ఎక్కవచ్చు. ఇవి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లో బయలుదేరి మెహిదీపట్నం మీదుగా వస్తాయి. సికింద్రాబాద్‌ వైపు నుంచి వచ్చేవారు జేబీఎస్‌లో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌ స్టేషన్‌లో దిగితే బస్‌స్టేషన్‌ పక్కనే ఉంటుంది. కూర్చునేందుకు సీటు కావాలనుకునేవారు మెహిదీపట్నం కంటే ఎంజీబీఎస్‌లో ఎక్కడం మేలు.

ఎక్స్‌ప్రెస్‌ బస్సులు అన్ని స్టేజీల్లో ఆగవు. ఈ దారిపై లోపలి ఊళ్లకు మలుపు తిరిగే చోటును ‘గేటు’ అంటారు. అలాంటి గేట్ల వద్ద దిగదలచినవారు పల్లెవెలుగు బస్సు చూసుకోవాలి. పేర్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. నగరం నడిబొడ్డున ఉన్న హిమాయత్‌నగర్‌ వేరు, మొయినాబాద్‌ మండలంలోని హిమాయత్‌నగర్‌ వేరు. హిమాయత్‌సాగర్‌ మరొకటి. టికెట్‌ తీసుకునేటప్పుడు మండలం పేరు కూడా చెబితే తికమక ఉండదు.

2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌ బస్సుల్లో తెలంగాణ మహిళలకు ప్రయాణం ఉచితం. గుర్తింపు కార్డు చూపి జీరో టికెట్‌ తీసుకోవాలి. ఆధార్‌ వంటి కార్డు అసలుది వెంట ఉంచుకోవడం ఉత్తమం.

రోజు ప్రణాళిక ఇలా..

* ఉదయం 7 గంటలకు మెహిదీపట్నంలో 288డి బస్సు ఎక్కడం. సుమారు గంటలో చిల్కూరు.
* 8 నుంచి 9.30 వరకు ఆలయ దర్శనం, ప్రదక్షిణలు, అల్పాహారం.
* 10 నుంచి మధ్యాహ్నం 12 వరకు మృగవని.
* 12.30కు మొయినాబాద్‌ చేరి భోజనం.
* 1.30కు చేవెళ్ల వైపు బస్సు. మర్రిచెట్ల దారిని కిటికీ పక్క సీటులో కూర్చుని చూడటమే సురక్షితం.
* 2.30 నుంచి 4.30 వరకు చేవెళ్ల.
* 4.30కు తిరుగు బస్సు. 6 గంటలకు మెహిదీపట్నం.

ఈ వేళలు అంచనా మాత్రమే. విస్తరణ పనులు జరిగేచోట ఆలస్యం కావచ్చు. చిన్నపిల్లలు, వృద్ధులు వెంట ఉంటే చిల్కూరు, మృగవనితోనే రోజు ముగించడం ఉచితం. ఎన్ని చోట్లు చూశామన్న లెక్క కంటే అలసట లేకుండా ఇల్లు చేరడం ముఖ్యం.

మరికాస్త దూరం.. అనంతగిరి

రోజంతా కేటాయించగలిగినవారు వికారాబాద్‌ సమీపంలోని అనంతగిరి కొండలకు వెళ్లవచ్చు. మూసీ నది పుట్టింది ఈ కొండల్లోనే. బాపూఘాట్‌ వద్ద సంగమాన్ని, గండిపేట వద్ద జలాశయాన్ని చూసినవారికి నది మొదలు చూసిన తృప్తి ఇక్కడ దక్కుతుంది. కొండపై అనంత పద్మనాభస్వామి ఆలయం ఉంది. వానాకాలం, ఆ తర్వాతి చలికాలం అనువైన సమయం.

చేవెళ్ల, మన్నెగూడ మీదుగా వికారాబాద్‌కు బస్సులు ఉన్నాయి. సికింద్రాబాద్‌ నుంచి లింగంపల్లి, శంకర్‌పల్లి మీదుగా రైలులోనూ వెళ్లవచ్చు. వెళ్లేటప్పుడు బస్సులో మర్రిచెట్లు చూస్తూ, వచ్చేటప్పుడు రైలులో వస్తే ఒకే దారిన రెండుసార్లు ప్రయాణించే పని ఉండదు. చీకటి పడ్డాక రహదారి ప్రయాణమూ తప్పుతుంది. వికారాబాద్‌ పట్టణం నుంచి కొండకు ఆటోలు దొరుకుతాయి. తిరిగి దిగేందుకు వాహనం ఉందో లేదో ఎక్కేముందే మాట్లాడుకోవాలి.

ఇవి మరువరాదు

* ముందుగా తిరుగు బస్సు వేళ తెలుసుకోవాలి. దిగిన చోటే బస్‌స్టాండ్‌లో అడిగి నిర్ధారించుకుని ఆ తర్వాతే ముందుకు కదలాలి. ఆఖరి బస్సుపై ఆధారపడరాదు. దానికి ముందున్న బస్సుకే సిద్ధం కావాలి.
* రహదారి అంచున నిలబడి ఫొటోలు దిగరాదు. మర్రిచెట్లు రోడ్డుకు ఆనుకునే ఉండటంతో వాహనాలు తప్పుకునే చోటు ఉండదు.
* రోడ్డు దాటేటప్పుడు బస్సు ముందు నుంచి వెళ్లరాదు. బస్సు కదిలిపోయాకే దాటాలి.
* జలాశయాల నీటిలోకి దిగరాదు. వానాకాలంలో గేట్లు ఎత్తినప్పుడు హిమాయత్‌సాగర్‌ దిగువన సర్వీసు రోడ్డును మూసివేస్తారు. అటు వెళ్లేముందు సమాచారం తెలుసుకోవాలి.
* తాగునీరు వెంట తెచ్చుకోవాలి. ఖాళీ సీసాలు, ప్లాస్టిక్‌ కవర్లు తిరిగి తీసుకెళ్లాలి. మృగవనిలో పడేసిన కవరు దుప్పి కడుపులోకి, గట్టున వదిలేసిన చెత్త వాననీటితో జలాశయంలోకి చేరుతుంది.
* తోటల్లోకి రైతు అనుమతి లేకుండా వెళ్లరాదు.

విస్తరణ పూర్తయితే చేవెళ్ల ప్రయాణం మరింత వేగవంతం కానుంది. ప్రమాదాలూ తగ్గుతాయని స్థానికులు ఆశిస్తున్నారు. వేరేచోట నాటిన మర్రిచెట్లు తిరిగి చిగురించాలంటే ఏళ్ల తరబడి నీరు, సంరక్షణ అందించాల్సి ఉంటుంది. పాత దారిని దాని నీడతో సహా చూడాలనుకునేవారు ఈ ఏడాదే ఒక సెలవు రోజును కేటాయించుకోవడం మంచిది.