విజయనగరంలో ఒక పరకాయ ప్రవేశం

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటిన రాత్రి విజయనగరంలోని మా చిన్నాన్న డీటీపీ కొట్టు పైరేకులు లేచిపోయాయి. వాన కంప్యూటరులోకి దిగింది. కరెంటు వచ్చాక చూస్తే మదర్‌బోర్డు చచ్చింది, హార్డ్‌డిస్కు బతికింది. అందులో ఆయన ఏళ్ళ తరబడి పోగుచేసిన ఉత్తరాంధ్ర పలుకుబడులున్నాయి. బుగత, కంబారి, గుంట వంటి మాటలు, ఏ ఊళ్ళో ఎవరి నోట విన్నారో సహా.

దస్త్రాలు నకలు తీసుకుంటే సరిపోదా అని మీరడగవచ్చు. సరిపోదు. యూనికోడుకు ముందరి తెలుగు దస్త్రంలో తెలుగు ఉండదు, ఆంగ్లాక్షరాల సంకేతాలే ఉంటాయి. వాటికి తలకట్టునూ కొమ్మునూ వత్తునూ తొడిగేది ఖతి. పోనీ ఖతులనూ తెచ్చుకుందామంటే, ఆ పుటలన్నీ పేజ్‌మేకరులో కట్టినవి. దాని సీడీ ఏనాడో బూజుపట్టింది. యూనికోడు తొలి కూర్పు 1991లోనే తెలుగుకు చోటిచ్చింది గాని, ఆ కబురు మా అచ్చుకొట్ల దాకా నడిచి రావడానికి చాలా కాలం పట్టింది. కనుక డిస్కులోని విండోస్ ఎక్స్‌పీని ఉన్నది ఉన్నట్టుగా మరో ఒంట్లోకి ప్రవేశపెట్టాలి.

తొందరపడి డిస్కును కొత్త కంప్యూటరుకు తగిలించాను. నీలితెర, దానిమీద 7బి అనే దోషసంఖ్య. బూటు కావలసిన డిస్కే అందడం లేదని దానర్థం.

నిజానికి యంత్రానికీ వ్యవస్థకూ నడుమ అడ్డుగోడ కట్టాలన్న ఆలోచన పాతదే. 1970లలో గారీ కిల్డాల్ తన సీపీ/ఎం వ్యవస్థలో యంత్రాన్నిబట్టి మారే భాగాన్ని విడదీసి బయాస్ అన్నాడు. యంత్రం మారితే ఆ ముక్క మారిస్తే చాలు. 1973లో సీ భాషలో తిరగరాసిన యునిక్స్‌ను 1977లో ఇంటర్‌డేటా యంత్రాలమీదికి తరలించారు. 1993 నాటి విండోస్ ఎన్‌టీలో ఈ గోడకు హాల్ అని పేరు. ఎక్స్‌పీ ఆ వంశంలోదే. చిక్కల్లా, అది ఆ హాల్‌నూ డిస్కు కంట్రోలరు డ్రైవరునూ స్థాపన నాడే ఆ యంత్రానికి తగినట్టు ఎంచుకొని, ఇక అదే తన ఇల్లని నమ్ముతుంది. లైనక్సు సాధారణంగా ప్రతి బూటుకూ ఇల్లంతా మళ్ళీ తడిమి చూసుకుంటుంది, అందుకే దాని డిస్కు వేరే యంత్రంలోనూ తరచు లేచి కూర్చుంటుంది. తరువాతి విండోసులూ ఆ బుద్ధి నేర్చుకున్నాయి.

పాత యంత్రం బతికుండగా అయితే, కంట్రోలరు డ్రైవరును ముందే సాధారణ ఐడీఈ డ్రైవరుగా మార్చి తరలించవచ్చు. మాకు ఆ అవకాశం లేదు. మొదట డిస్కుకు పూర్తి నకలు తీశాను (ఈ పని ముందు చేయవలసింది, సిగ్గుతో ఒప్పుకుంటున్నాను). నకలును తగిలించి, బయాసులో సాటాను ఐడీఈ పద్ధతికి మార్చి, ఎక్స్‌పీ సీడీతో మరమ్మతు స్థాపన చేశాను. అది వ్యవస్థ దస్త్రాలను తిరగరాస్తుంది, ఖతులనూ ప్రోగ్రాములనూ ఉంచుతుంది. ఆ ఏడాది ఏప్రిల్ 8తోనే ఎక్స్‌పీకి మద్దతు ఆగిపోయింది కనుక ఇంటర్నెట్టు తీగ పీకేశాను.

పేజ్‌మేకరు తెరుచుకుంది. పాఠాన్ని బయటికి తీసి యూనికోడులోకి మార్చాము. వత్తులు కొన్ని చోట్లు తప్పాయి. చిన్నాన్న కళ్ళజోడు సవరించుకొని మొదటి పుట దగ్గర కూర్చున్నారు.

"అంతా బాగానే ఉందిరా, 'కంబారి' ఒక్కటీ రెండుసార్లు పడింది. అది నీ యంత్రం తప్పు కాదులే, నాదే."