కాలేయానికి చేరని సిర

1793లో జాన్ అబెర్నెతీ అనే లండన్ శస్త్రవైద్యుడు పదినెలల ఆడశిశువు మృతదేహంలో కనుగొన్న ఒక వింతను రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించాడు. పేగుల నుండి రక్తాన్ని కాలేయానికి చేర్చవలసిన ద్వారసిర, ఆ పాపలో దారితప్పి నేరుగా గుండెకు పోయే పెద్దసిరలో కలిసిపోయింది. కాలేయానికి ధమని రక్తం మాత్రమే అందింది. అయినా పిత్తాశయంలో పైత్యరసం ఉంది. కనుక ధమని రక్తం నుండి కూడా పైత్యరసం ఊరగలదని ఆయన భావించాడు.

మరి ద్వారసిర వల్ల ప్రయోజనమేమిటి? దీనికి సమాధానం నూరేళ్ళకు దొరికింది. 1877లో రష్యాలో నికొలాయ్ ఎక్ కుక్కలలో ఈ రెండు సిరలనూ శస్త్రచికిత్సతో కలిపాడు. అటువంటి కుక్కలు మాంసం తిన్నాక మతి చెడి, మూర్ఛలకు లోనవడం 1893లో పావ్లోవ్ బృందం వెల్లడించింది. పేగుల రక్తంలోని అమోనియాను కాలేయం యూరియాగా మార్చాలి. కాలేయాన్ని తప్పించుకున్న అమోనియా మెదడుకు చేరుతుంది.

1994లో మోర్గన్, సుపెరీనా ఈ పుట్టులోపాన్ని రెండు రకాలుగా విభజించారు. అబెర్నెతీ పేరే దానికి స్థిరపడింది. నేడు డాప్లర్ స్కాన్‌లో ఆ దొంగదారి కనబడుతుంది. అనేకమందిలో దానిని మూసివేయవచ్చు. వీలుకాని కొందరికి కాలేయమార్పిడే గతి.

ఎప్పుడూ మగతగా ఉంటూ చదువులో వెనుకబడే బిడ్డను మందమతి అని మందలించేముందు, అరుదుగానైనా ఇటువంటి కారణం ఉండవచ్చునని తలచుకోవాలి. ఆ సంగతికి తొలి సాక్షి 1793 నాటి ఆ పసిపాపే.