మర్రే నది వెంట ఏం చూడాలి: ఎచూకా రేవు నుంచి సముద్రం దాకా

ఆస్ట్రేలియాలో అతి పొడవైన నది మర్రే. ఆగ్నేయాన ఆల్ప్స్ కొండల్లో పుట్టి 2,508 కిలోమీటర్లు ప్రవహిస్తుంది. చాలా దూరం న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా రాష్ట్రాలకు సరిహద్దుగా సాగి, చివరకు సౌత్ ఆస్ట్రేలియాలో సముద్రాన్ని చేరుతుంది. సిడ్నీ, మెల్‌బోర్న్ చూసి తిరిగొచ్చే పర్యాటకుల్లో చాలామంది ఇటువైపు రారు. ఆ దేశపు పల్లెల్ని, వ్యవసాయాన్ని, నీటి తగవుల్ని ఒకే దారిలో చూడాలంటే మాత్రం ఇంతకంటే మంచి చోటు లేదు. ఎగువ నుంచి దిగువకు ముఖ్యమైన ప్రదేశాలు ఇవి.

ఎచూకా: ఆవిరి పడవల ఊరు

మెల్‌బోర్న్ నుంచి కారులో సుమారు 220 కిలోమీటర్లు. 1853లో మర్రే మీద తొలి ఆవిరి పడవలు తిరిగాయి. 1864లో ఎచూకాకు రైలు వచ్చింది. నది వెంట ఉన్న గొర్రెల క్షేత్రాల నుంచి ఉన్ని మూటలు పడవల్లో ఇక్కడికి చేరి, రైలెక్కి మెల్‌బోర్న్ ఓడరేవుకు వెళ్లేవి. రైలు మార్గాలు మిగతా ఊళ్లకూ విస్తరించాక పడవల వ్యాపారం పడిపోయింది. రెడ్ గమ్ దుంగలతో కట్టిన పాత రేవులో కొంత భాగం ఇప్పటికీ నిలిచి ఉంది. నీటిమట్టం ఎంత మారినా సరుకు దించుకునేందుకు వీలుగా దాన్ని అంతస్తులుగా కట్టారు. 1866లో తయారైన పీఎస్ అడిలైడ్, 1911 నాటి పీఎస్ పెవెన్సీ ఇక్కడే ఉన్నాయి. కట్టెలు మండించి నడిపే పాత పడవలో గంట ప్రయాణం ఈ ఊరి ప్రధాన ఆకర్షణ.

బార్మా అడవి

ఎచూకాకు ఎగువన ఉన్న బార్మా, దాని ఎదురు ఒడ్డున ఉన్న మిల్లెవా కలిసి ప్రపంచంలోనే అతి పెద్ద రివర్ రెడ్ గమ్ అడవి. ఈ చెట్టు మనకు కొత్తదేమీ కాదు. మన జామాయిల్ తోటల్లో పెంచే యూకలిప్టస్ జాతుల్లో ఇదీ ఒకటి. మన దగ్గర కాగితం మిల్లుకు వెళ్లే చెట్టు, అక్కడ వందల ఏళ్లు బతికి ఏటి ఒడ్డున మర్రిమానులా విస్తరిస్తుంది. ఆదివాసులు పడవలు చేసుకునేందుకు బెరడు ఒలిచిన గుర్తులు పాత చెట్ల మీద ఇంకా కనిపిస్తాయి.

ఈ అడవికి వరద కావాలి. ఒకప్పుడు శీతకాలపు వానలకు, వసంతంలో కరిగే మంచుకు నది పొంగి చెట్ల మధ్యకు వచ్చేది. ఆనకట్టలు కట్టాక ఆ నీటిని నిల్వ చేసి, వేసవిలో పొలాలకు వదులుతున్నారు. అంటే నది ప్రవాహ కాలమే తారుమారైంది. అందుకే ఇప్పుడు అడవి కోసం ప్రత్యేకంగా నీరు కేటాయించి వదలాల్సి వస్తోంది.

మిల్డూరా, వెంట్‌వర్త్

ఎర్రమట్టి, పొదలు తప్ప మరేమీ లేని ప్రాంతంలో ద్రాక్ష, నారింజ తోటల పట్టణం మిల్డూరా. కాలిఫోర్నియాలో నీటిపారుదల కాలనీలు స్థాపించిన చాఫీ సోదరులు 1887లో దీనికి శ్రీకారం చుట్టారు. వాళ్లను రప్పించడంలో ముఖ్యుడైన విక్టోరియా నేత ఆల్ఫ్రెడ్ డీకిన్ తర్వాత భారతదేశం వచ్చి, ఇక్కడి కాలువలు, ఆనకట్టలు చూసి 1893లో ‘ఇరిగేటెడ్ ఇండియా’ అనే పుస్తకం రాశాడు. ఆ తర్వాత ఆస్ట్రేలియా ప్రధాని కూడా అయ్యాడు. విలియం చాఫీ భవనం ‘రియో విస్టా’ ఇప్పుడు సందర్శకులకు తెరిచి ఉంది. పడవ ఎక్కి 11వ నంబరు లాకు గుండా వెళ్లడం మరో అనుభవం.

అక్కడికి 30 కిలోమీటర్ల దూరంలోని వెంట్‌వర్త్ దగ్గర డార్లింగ్ నది మర్రేలో కలుస్తుంది. రెండు నీళ్ల రంగుల తేడా చూడటానికి అక్కడ ఒక బురుజు ఉంది. 1956 వరదల్లో కరకట్టలు వేసి ఊరిని కాపాడిన ఫెర్గూసన్ ట్రాక్టర్లకు ఈ ఊళ్లో స్మారకం కట్టారు.

ముంగో: ఎండిన సరస్సు

మిల్డూరాకు ఈశాన్యంగా సుమారు 110 కిలోమీటర్లు. వేల ఏళ్ల కిందటే ఎండిపోయిన సరస్సు ఇది. దాని గట్టు మీద 1968లో ఒక మహిళ, 1974లో ఒక పురుషుడి అవశేషాలు దొరికాయి. అవి సుమారు 40 వేల ఏళ్ల నాటివి. మృతదేహాన్ని దహనం చేసినట్లు తెలిసిన అతి పురాతన ఆధారాల్లో ఆ మహిళ అవశేషాలు ఒకటి. 1981లో ఈ సరస్సుల ప్రాంతం ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. పరిశోధన పేరుతో తరలించిన పురుషుడి అవశేషాలు ఆదివాసుల సుదీర్ఘ పోరాటం తర్వాత 2017లోనే సొంత గడ్డకు తిరిగొచ్చాయి. ఇసుక గట్టు మీదకు గైడ్ వెంట ఉంటేనే అనుమతిస్తారు.

నది చివర

అడిలైడ్‌కు దక్షిణాన గూల్వా దగ్గర 1940లో పూర్తయిన బ్యారేజీలు ఉప్పునీటిని అడ్డుకుంటాయి. అవతల కూరాంగ్ మడుగుల్లో పెలికాన్ పక్షులు గుంపులుగా కనిపిస్తాయి. దీర్ఘ కరవు కాలంలో నీరు సముద్రం దాకా చేరక, ముఖద్వారం ఇసుకతో పూడిపోకుండా 2002 నుంచి ఏళ్ల తరబడి డ్రెడ్జర్లతో తోడాల్సి వచ్చింది. పైరాష్ట్రాలు ఎంత వాడుకోవాలి, కింద రాష్ట్రానికి ఎంత వదలాలి అన్న వాదన కృష్ణా జలాల వార్తలు చదివేవారికి పరిచితమే. నదీ పరీవాహకం మొత్తానికి వాడకంపై పరిమితులు విధిస్తూ 2012లో తెచ్చిన ప్రణాళిక మీద రైతులకు, పర్యావరణవేత్తలకు మధ్య వివాదం ఇంకా సాగుతూనే ఉంది. 2022 చివర్లో మాత్రం పరిస్థితి తిరగబడి, ఎచూకా నుంచి దిగువ దాకా ఊళ్లు వరదలో చిక్కుకున్నాయి.

వెళ్లేవారికి

మార్చి నుంచి మే వరకు, సెప్టెంబరు నుంచి నవంబరు వరకు అనుకూలం. జనవరిలో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. ముంగోకు మట్టి రోడ్డు మీద వెళ్లాలి; వాన పడితే మూసేస్తారు. నీళ్లు, పెట్రోలు ముందే నింపుకోండి. సాయంత్రం చీకటి పడే వేళ కంగారూలు రోడ్డుకు అడ్డం వస్తాయి కనుక అప్పటికి బస చేరుకోవడం మేలు. నీటి అడుగున చెట్ల దుంగలు ఉంటాయి; ఒడ్డు నుంచి దూకి ఈదొద్దు. పండ్ల ఈగ భయంతో మిల్డూరా నుంచి సౌత్ ఆస్ట్రేలియాలోకి తాజా పండ్లు తీసుకెళ్లడాన్ని నిషేధించారు. దారిలోని తనిఖీ కేంద్రంలో కారు ఆపుతారు, పండ్లు దొరికితే జరిమానా తప్పదు. కొన్నవి సరిహద్దు రాకముందే తినేయాలి.