మనోవర్తి లెక్కలు, మంచి ప్లీడరు

బందరు, గుడివాడ, అవనిగడ్డ. మా వైపు కోర్టుల దగ్గర ఎప్పుడూ వినపడే మాట మనోవర్తి. పాతవాళ్లు మనువర్తి అనేవాళ్లు. మనుగడలోని ‘మను’ అందులో నాకు వినపడుతుంది. భార్యకీ పిల్లలకీ నెలనెలా ఇవ్వాల్సిన ఈ డబ్బు గురించి చట్టం ఏమంటూ వచ్చిందో చదువుతుంటే, మా బంధువుల్లో ఎవరో ఒకరు అడుగుతూనే ఉండే ‘మంచి లాయరెవరైనా ఉన్నారా?’ అన్న ప్రశ్నకి కొంత జవాబు అక్కడే దొరికింది.

ఈ సెక్షన్ పుట్టింది జాలితో కాదు. 1872 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌ని ముందుండి నడిపించిన ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ దీన్ని దిక్కులేనితనం వల్ల వచ్చే అనర్థాల్ని ఆపే సాధనంగా చూశాడు. తిండిలేని పిల్లలు వీధిన పడటం సర్కారుకి శాంతిభద్రతల సమస్య. అందుకే ఇది సివిల్ దావాగా కాకుండా మేజిస్ట్రేటు చేతికి వెళ్లింది. 1898 కోడ్‌లో 488వ సెక్షన్ అయింది. ఆ చూపులో ఒక మేలు ఉంది: బిడ్డ పెళ్లిలో పుట్టిందా లేదా అని చట్టం అడగలేదు. ఒక కీడూ ఉంది: డబ్బుకి హద్దు పెట్టింది. 1898లో నెలకి 50 రూపాయలు, 1923లో 100, 1955లో 500. 1973లో కొత్త కోడ్ వచ్చి 488 కాస్తా 125 అయింది గానీ అంకె కదల్లేదు. 1977 నవంబరులో దివిసీమని ఉప్పెన ముంచేనాటికి ఐదొందలే. ఊళ్లలోకి టీవీలూ, ఎస్టీడీ బూత్‌లూ వచ్చేనాటికీ ఐదొందలే. ఆ మొత్తం కుటుంబం అంతటికీ కలిపి కాదు, ఒక్కొక్కరికీ అని 1978లో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు చెప్పాక కాస్త ఊపిరాడింది. కొన్ని రాష్ట్రాలు సొంతంగా పెంచుకున్నాయి. కేంద్ర చట్టంలో ఆ హద్దు పోయింది మాత్రం 2001లో. అంటే 46 ఏళ్లు!

మా వృత్తిలో దీన్ని హార్డ్‌కోడింగ్ అంటాం. ప్రోగ్రాంలో ఒక అంకెని నేరుగా రాసేసి మర్చిపోవడం. రాసినవాడికి ఏమీ కాదు, వాడుకునేవాళ్లే అనుభవిస్తారు.

1973లో ఇంకో మార్పు వచ్చింది, అంతగా ఎవరూ చెప్పుకోరు. అంతకుముందు భర్త ఉన్న జిల్లాలోనో, ఇద్దరూ చివరిసారి కలిసున్న జిల్లాలోనో కేసు వేయాలి. కొత్త కోడ్ భార్య ఉంటున్న జిల్లాని కూడా చేర్చింది. పిల్లాణ్ణి చంకనేసుకుని నాగాయలంకలో పుట్టింటికి వచ్చేసిన మనిషి వాయిదా వాయిదాకీ హైదరాబాదు పరిగెత్తక్కర్లేదు.

హద్దు పోయాక బరువంతా రుజువు మీద పడింది. ఉద్యోగస్తుడికి పే స్లిప్పు ఉంటుంది. గుడివాడ పక్కన చేపల చెరువు లీజుకి చేసేవాడి ఆదాయం ఏ కాగితం మీదుంటుంది? 2020లో రజ్‌నేష్ వర్సెస్ నేహా తీర్పులో సుప్రీంకోర్టు, ఇద్దరూ ఆస్తులూ ఆదాయాలూ అప్పులూ అఫిడవిట్‌లో చెప్పాలంది. మనోవర్తిని పిటిషన్ వేసిన తేదీ నుంచే లెక్కకట్టాలంది. 2024 జులై 1 నుంచి 125వ సెక్షన్ కొత్త సంహితలో 144 అయింది. లోపలి లెక్క మాత్రం పాతదే.

ఇప్పుడు ప్లీడరు సంగతి. కృష్ణాపత్రికని మొదలుపెట్టిన కొండా వెంకటప్పయ్య బందరులో ప్లీడరే. అలాంటివాళ్లు చరిత్ర పుస్తకాల్లో ఉన్నారు, మనోవర్తి కేసులు నడిపినవాళ్లు లేరు. వకీళ్లు ప్రకటనలు ఇచ్చుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం కాబట్టి మనకి నోటిమాటే దిక్కు. ‘ఆయన లేచాడంటే కోర్టు దద్దరిల్లుద్ది’ అంటారు. ఈ కేసుకి దద్దరిల్లక్కర్లేదు. మూడు ప్రశ్నలు అడిగితే చాలు. మధ్యంతర మనోవర్తి దరఖాస్తు మొదట్లోనే వేస్తారా? (నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంతవరకు అది తేల్చాలని 2001 సవరణ.) అవతలివాడు అఫిడవిట్‌లో చెరువు లీజు దాస్తే ఎలా బయటపెడతారు? ఆర్డరు వచ్చాక డబ్బు ఆగిపోతే ఏం చేస్తారు? మూడోది చాలా ముఖ్యం. బకాయి పడిన ఏడాది లోపల దరఖాస్తు పెట్టకపోతే ఆ డబ్బుకి వారంటు రాదు. ఆ తేదీ తన డైరీలో రాసుకునే ప్లీడరే మంచి ప్లీడరు. వచ్చినదాంట్లో ఇంత వాటా అని ఫీజు అడిగితే లేచి వచ్చేయండి, అది నియమాలకే విరుద్ధం.

ఫీజు ఇచ్చుకోలేనివాళ్లకి దారి ఉంది. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలకీ పిల్లలకీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయర్ని ఇవ్వాలి. బందరులో ఉన్న జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ‘ఊరికే వచ్చే లాయరు ఏం చేస్తాడులే’ అని తీసిపారేసే ముందు, ఆ మూడు ప్రశ్నలూ అక్కడా అడగండి.

మామూలుగా ఈ సెక్షన్ బిడ్డకి 18 ఏళ్లు నిండేదాకానే. వాయిదాల్లో గడిచిన ఏడాదికి డబ్బు తర్వాతెప్పుడో రావచ్చు. జూన్‌లో బడి ఫీజు మాత్రం జూన్‌లోనే కట్టాలి.