విషాదరోగపు మాత్రలు: మానుటలోని చిక్కులు

విషాదరోగమునకు వాడు మాత్రలను మానునపుడు కలుగు బాధ 1990 తరువాత ప్రబలిన క్రొత్త మందులతోనే పుట్టినదనియు, అదియు ఒకటి రెండు వారములలో తనంత తానే సమసిపోవు స్వల్పబాధయనియు చిరకాలముగ చెప్పబడుచున్నది. ఈ రెండు మాటలకును చరిత్రలో ఆధారము చాలదు.

క్షయరోగులకిచ్చిన ఇప్రోనియజిడ్ వారి మనస్సులకు ఉత్సాహము కూర్చుటయు, స్విట్జర్లాండులో రోలాండ్ కూన్ విషాదరోగమును తగ్గించు ఇమిప్రమీను గుణమును 1957లో ప్రకటించుటయు అందఱెఱిగినవే. అంతగా స్మరింపబడనిది, 1961 నాటికే క్రామర్, క్లైన్, ఫింక్ అను అమెరికా వైద్యులు ఇమిప్రమీను మానినవారికి వికారము, తలనొప్పి, తలతిరుగుట, నీరసము కలుగుటను గూర్చి ప్రత్యేకముగ వ్రాసిన సంగతి.

1987లో క్రొత్త మందులలోనిదైన ఫ్లూఓక్సెటిన్ అమెరికాలో అనుమతి పొందినపుడు ఈ పాఠము మఱువబడెను. పిదప పెరాక్సెటిన్, వెన్లఫాక్సిన్ మానినవారు తలలో కరెంటు షాకు కొట్టినట్లున్నదని మొఱపెట్టగా, 1996 డిసెంబరులో ఫీనిక్స్ నగరమున వైద్యులు సమావేశమైరి. వ్యయము ఫ్లూఓక్సెటిన్ తయారుచేయు ఎలై లిల్లీ సంస్థది. ఆ మందు దేహమున వారముల తరబడి నిలుచును గనుక, మానినను బాధ తక్కువ; పోటీమందుల బాధ చర్చకు వచ్చుట ఆ సంస్థకు అనుకూలమే. ఇదంతయు వ్యాపారమేయని నేననను. వారు లక్షణములను వర్ణించిన తీరు చాలవఱకు సరియైనదే. అయితే ‘స్వల్పము, కొలదినాళ్లది’ అను నిర్ణయము, ఎక్కువగా ఎనిమిది, పండ్రెండు వారముల పరీక్షలనుండి వచ్చినది. ఏండ్లతరబడి వాడినవారి అనుభవమునుండి వచ్చినది కాదు. 2019లో లండనువారైన హొరొవిట్జ్, టేలర్ చూపినదేమనగా, ఇట్టి మందే అయిన సిటలోప్రామ్ 20 మిల్లీగ్రాములు మెదడులోని సెరటోనిన్ వాహకములలో నూటికి ఇంచుమించు 80 వంతులను ఆక్రమించును. మోతాదు సగము చేసినను ఆ ప్రభావము 70 ప్రాంతమునకే దిగును. కడపటి కొలది మిల్లీగ్రాములను తీసివేయునపుడే అది నిట్టనిలువుగ పడును. కావున మోతాదు తగ్గినకొలది మెట్లును చిన్నవి కావలెను. అందఱికిని బాధ కలుగునని కాదు: 2024లో హెన్స్‌లర్ ప్రభృతుల గణనలో, ఉత్తుత్తిమాత్రల ప్రభావము తీసివేయగా, నూటికి ఇంచుమించు 15 మందికే మందు మానుటవలన బాధ కలిగెను. అయినను ఆ పరిశోధనలలో పెక్కు స్వల్పకాలికములే.

మన కోనసీమను చూచినచో నాకు తృప్తి కలుగుటలేదు. అమలాపురమున వైద్యకళాశాల కలదు, 2022లో కోనసీమ ప్రత్యేకజిల్లాయునైనది. అయినను పాతచీటీ చూపి మందులషాపులో నరాలబిళ్లయను పేర ఈ మాత్రను కొనునంత సులభముగ దానిని తగ్గించు క్రమము రోగికి లభించుటలేదు. ఈ మాత్రలవలన దాంపత్యేచ్ఛ సన్నగిల్లుటను పదిమంది నిలుచున్న గదిలో డాక్టరుతో చెప్పుకొనలేక మాత్ర మానివేయువారుందురు. రాజోలు వైపు భర్త గల్ఫులోనుండగా సంసారము నెట్టుకొనివచ్చు ఇల్లాలుగాని, వరదనాళ్లలో లంక కదలలేని రైతుగాని నాలుగుదినములు మాత్ర తప్పినచో, అపుడు వచ్చు కంగారును తిరుగబెట్టిన జబ్బేయని ఇంటివారు తలంతురు. మానిన కొలదిదినములకే తలతిరుగుటతో, షాకులతో వచ్చినది సాధారణముగ మందు మానినందువలని బాధ. జబ్బు తిరుగబెట్టుటకు వారములు పట్టును. ఈ భేదము ఇంటివారికి చెప్పువారరుదు.

విషాదరోగపు మందైన ఎస్సిటలోప్రామ్, ఆందోళన తగ్గించు క్లోనజిపామ్ కలిపిన ఒకే మాత్ర మనదేశమున విరివిగ వ్రాయబడుట మఱియొక చిక్కు. ఒకదానిని అట్లే ఉంచి రెండవదానిని తగ్గించుట దానితో అసాధ్యము, క్లోనజిపామ్ హఠాత్తుగ మానినచో మూర్ఛలును రావచ్చును. రెండింటిని విడివిడిగ వ్రాసి, ఎన్నాళ్లు వాడవలెనో, ఎట్లు తగ్గింపవలెనో చీటీమీదనే సూచించుటకు పెద్ద ఆసుపత్రి అక్కరలేదు. ఎస్సిటలోప్రామ్ 5 మిల్లీగ్రాములకు లోపలి మోతాదులు ద్రవరూపమున రాజోలులోను, కొత్తపేటలోను దొరకునట్లు చేయుట మాత్రము ప్రభుత్వమే పూనుకొనవలసిన పని.